శ్రీరాముని శోకం

గోదావరికి ఒక గట్టున బూర్గంపాడు, ఆవలి గట్టున భద్రాచలం ఉన్నాయి. భద్రాచలానికి ఎగువనున్న పర్ణశాలలో సీతాపహరణం జరిగిందని, సమీపంలోని ఏటపాకలో జటాయువు నేలకొరిగిందని ఈ ప్రాంత ప్రజల విశ్వాసం.

మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వెలువరించిన గ్రంథంలో, మరణం సమీపించిన రోగుల మనఃస్థితిని నిరాకరణ, ఆగ్రహం, బేరం, విషాదం, అంగీకారం అనే ఐదు దశలుగా వివరించింది. ఆత్మీయులను కోల్పోయినవారి దుఃఖానికీ ఈ దశలను తరువాత అన్వయించారు.

వాల్మీకి రామాయణంలోని అరణ్యకాండలో వీటి ఛాయలు కొన్ని గోచరిస్తాయి. శూన్యమైన కుటీరాన్ని చూచిన శ్రీరాముడు, సీత ఎక్కడో దాగి ఉన్నదని భ్రమించాడు. చెట్లను, మృగాలను ఆమె జాడ అడిగాడు. విలపించాడు. పిదప లోకాలను నాశనం చేస్తానని విల్లెత్తాడు. ఒకని అపరాధానికి లోకాలన్నింటినీ శిక్షించరాదని లక్ష్మణుడు అతనిని శాంతింపజేశాడు. సీత కొరకు పోరాడి ప్రాణాలు విడిచిన జటాయువుకు శ్రీరాముడు ఆత్మబంధువువలె అంత్యక్రియలు జరిపాడు. అన్వేషణ కొనసాగించాడు. అయినా పంపాతీరంలో అతని దుఃఖం మరల పొంగింది.

దుఃఖం మెట్ల వరుసలో నడవదు. విషాదం ఆగ్రహానికి ముందే రావచ్చు. తీరిందనుకొన్న వేదన తిరిగి రావచ్చు. అది బలహీనత కాదు. తోడు నిలిచే లక్ష్మణుడు, చేయవలసిన కర్తవ్యం ఉన్నప్పుడు మనిషి దుఃఖంతోనే ముందుకు సాగగలడు.