తుమ్మలపల్లె బురద: వాదనలో లోపం ఎక్కడ?

పోటీ పరీక్షల్లో లాజికల్ రీజనింగ్ ప్రశ్నలు ఒక వాదన ఇచ్చి, అందులో లోపం చెప్పమంటాయి. అణు వ్యర్థాలపై ఇలాంటి వాదనలకు కొదవ లేదు. భయమైనా, భరోసా అయినా ఇక్కడ ఆధారాలకన్నా ముందే పరుగెత్తుతాయి.

కడప జిల్లా తుమ్మలపల్లెనే తీసుకుందాం. అక్కడ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఖనిజాన్ని తవ్వి, పొడిచేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో యురేనియాన్ని వేరుచేస్తుంది. మిగిలిన బురద కె.కె.కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. బోరునీరు, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేస్తున్నారు. ఈ విషయంలో మూడు వాదనలను పరిశీలిద్దాం.

వాదన 1: “యురేనియం తీసేశారు కాబట్టి బురదలో రేడియోధార్మికత ఉండదు.”
రేడియోధార్మికత అంతా యురేనియానిదే అనే ఊహ ఇందులో దాగి ఉంది. యురేనియం క్షీణించగా పుట్టిన థోరియం-230, రేడియం-226 వంటివి బురదలోనే మిగులుతాయి. సాధారణంగా ముడి ఖనిజపు రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాల్లోనే ఉంటుంది. థోరియం-230 అర్ధాయువు దాదాపు 75,000 ఏళ్లు.

వాదన 2: “పాండ్ వచ్చాక నీరు చెడింది కాబట్టి కారణం పాండే.”
ఒకదాని తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణం కాదు. వానలు తగ్గి, బోర్లు లోతుకు వెళ్లినా నీటి గుణం మారవచ్చు.

వాదన 3: “ఇక్కడి రాళ్లలో సహజంగానే యురేనియం ఉంది కాబట్టి పాండ్‌కు సంబంధం లేదు.”
మొదటి మాట నిజమే. వేంపల్లె డోలమైట్ శిలల్లో యురేనియం ఉంది. అయితే మరో కారణం ఉండటం ఈ కారణాన్ని కొట్టివేయదు. రెండూ కలిసి పనిచేయవచ్చు.

మరి తేల్చేదెలా? పాండ్ కట్టకముందు నీటిలో ఏముందో చూడాలి. భూగర్భజలం పారే దిశలో పాండ్‌కు ఎగువన, దిగువన ఉన్న బోర్లను పోల్చాలి. ప్రక్రియలో వాడిన సోడియం జాడ వెతకాలి. యురేనియం-234, యురేనియం-238ల రేడియోధార్మికత నిష్పత్తి కొలవాలి. సహజ భూగర్భజలంలో ఇది తరచుగా 1 కన్నా ఎక్కువ. ఖనిజం నుంచి రసాయనాలతో కరిగించిన యురేనియంలో 1కి దగ్గరగా ఉంటుంది. ఏ ఒక్క కొలతా చాలదు. అన్నీ ఒకే వైపు చూపితేనే నమ్మకం కుదురుతుంది.

అయితే తాగునీటి ప్రశ్న వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం. అది మించితే మూత్రపిండాలకు ముప్పు పెరగవచ్చు. ఆ యురేనియం రాతి నుంచి వచ్చిందా, పాండ్ నుంచి వచ్చిందా అన్నది మూత్రపిండాలకు తెలియదు. కాబట్టి “కారణం తేలాకే మంచినీళ్లు ఇస్తాం” అనేది నాలుగో లోపభూయిష్ట వాదన.