డేటా రూపం మార్చడానికి ఏ సాధనం? – మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకొనే విద్యార్థులకు ఒక పాఠం



బెంగళూరులో బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ పనులు చూసే నన్ను మన పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఇది: "ఫైలులోని సమాచారం రూపం మార్చాలంటే ప్రతిసారీ కోబాల్ ప్రోగ్రాం రాయాలా?" అక్కరలేదు. పనిని బట్టి సాధనాన్ని ఎంచుకోవాలి.

1. ఉన్నది ఉన్నట్టు నకలు తీయడానికి ఐఈబీజెనర్ చాలు. వీశామ్ ఫైలైతే ఐడీక్యామ్స్‌లోని రెప్రో వాడాలి.

2. గడుల స్థానం మార్చడం, కొన్ని రికార్డులను ఏరడం, వరుసలో పెట్టడం, మొత్తాలు వేయడం – వీటికి డీఎఫ్‌సార్ట్ సరిపోతుంది. కొద్ది వరుసల ఆదేశాలు రాస్తే చాలు, కంపైల్ చేయనక్కరలేదు.

3. నిబంధనలు చిక్కుగా ఉన్నా, డేటాబేసు చదువుతూ లెక్కలు కట్టాల్సి వచ్చినా కోబాలే మేలు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. రికార్డులో 1 నుంచి 8 వరకు తేదీ (రోజు, నెల, సంవత్సరం), 9 నుంచి 18 వరకు ఖాతా నంబరు, 19 నుంచి 22 వరకు ప్యాక్డ్ డెసిమల్ రూపంలో సొమ్ము ఉన్నాయనుకోండి. వీటిని తేదీల వరుసలో పెట్టాలి. ఉన్నవి ఉన్నట్టుగా సార్ట్ చేస్తే 01022024 ముందు, 31012024 తరువాత వస్తాయి. అంటే జనవరి కంటే ఫిబ్రవరి ముందు వచ్చిందన్నమాట! కనుక సంవత్సరాన్ని ముందుకు తేవాలి:

ఇన్‌రెక్ బిల్డ్=(5,4,3,2,1,2,9,14)

(కంప్యూటరులో ఆదేశాలను ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో కొట్టాలి.) ప్రతి జంటలో మొదటిది స్థానం, రెండవది పొడవు.

ఇన్‌రెక్ సార్టుకు ముందు, అవుట్‌రెక్ సార్టు తరువాత పనిచేస్తాయి. ఇదే మార్పును అవుట్‌రెక్‌లో రాస్తే తేదీ చూడటానికి సరిగానే ఉంటుంది, వరుస మాత్రం తప్పు. జాబ్ ఏ ఫిర్యాదూ లేకుండా సున్నా కోడ్‌తో ముగుస్తుంది. ఆ వరుసను నమ్మి రోజువారీ నిల్వలు కడితే వడ్డీ తప్పుతుంది. నష్టపోయేది ఖాతాదారు.

మరొక జాగ్రత్త. ప్యాక్డ్ రూపంలో 4 బైట్లలో 7 అంకెలు, ఒక గుర్తు ఇముడుతాయి. ఆ ఫైలును అలాగే టెక్స్ట్‌గా ఎబ్సిడిక్ నుంచి ఆస్కీలోకి పంపితే సొమ్ము పాడవుతుంది. ముందుగా డీఎఫ్‌సార్ట్‌లోని ఎడిట్‌తో గుర్తు సహా మామూలు అంకెలుగా మార్చి పంపాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. శిక్షణ కేంద్రానికి ఫీజు కట్టేముందు ఐబీఎం వారి ఉచిత అభ్యాస వేదిక జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో పిల్లల ఆసక్తిని పరీక్షించండి.

అభ్యాసం: పై రికార్డు నుంచి ముందు ఖాతా నంబరు, తరువాత తిరగరాసిన తేదీ మాత్రమే తీసుకొని, తేదీల వరుసలో పెట్టండి. సార్టులో తేదీ స్థానం ఎంత?

జవాబు: ఇన్‌రెక్ బిల్డ్=(9,10,5,4,3,2,1,2). ఖాతా నంబరు 10 స్థానాలు తీసుకుంది కనుక తేదీ 11వ స్థానంలో మొదలవుతుంది. ఇన్‌రెక్ తరువాత సార్టు చూసేది కొత్త రికార్డునే. ఇది గుర్తుంచుకుంటే పాఠం సగం వచ్చినట్లే.