చిన్న తరగతులకు సాంఘికం చెప్పుడెట్ల?



ఈ సంవత్సరం సాయంత్రం స్టడీ అవర్‌లో పెద్ద తరగతుల వాళ్ళం మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల దగ్గర కూర్చుంటున్నాము గదా. నా వంతుకు సాంఘికం వచ్చింది. "లెక్కలైతే కష్టంగాని, సాంఘికం ఏమున్నది, చదివిపిస్తే అయిపోతది" అన్నరు మా క్లాసోళ్ళు. చదివిపిస్తే నిజంగనే అయిపోతది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు అని పిల్లలు నూరుసార్లు అరుస్తరు. తెల్లారి ఓరుగల్లు ఎటు దిక్కున్నదిరా అంటే మెస్ దిక్కు చూపిస్తరు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఐదో తరగతి దాకా సాంఘికం విడిగా ఉండదు, పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటది. ఆరో తరగతికి పోయినంకనే సాంఘికశాస్త్రం అని వేరే వస్తది. ఇది మంచి పద్ధతే అని నా అభిప్రాయం. చిన్నపిల్లలకు చరిత్ర వేరు, భూగోళం వేరు అని తెలువది. వాళ్ళకు వాగు తెలుసు, తాత తెలుసు, జాతర తెలుసు. అక్కడినుంచే మొదలుపెట్టాలె.

ముందు వాగు సంగతి. పాఖాల వాగు మన గూడూరు పక్కనుంచే పోతది. వానాకాలం అది పొంగితే రోడ్డు బంద్ అయితదని మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. కాని ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చినయి, ఎక్కడికి పోతయి అంటే తెలువది. హాస్టల్ ముందర ఇసుకలో కట్టెతో గీసి చూపించాలె. పైన పాఖాల చెరువు, కింద మన ఊరు, ఇంకా కిందికి మున్నేరు. అది ఖమ్మం పట్నం పక్కనుంచి పోయి ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణానదిలో కలుస్తది, కృష్ణ పోయి సముద్రంలో కలుస్తది. సముద్రం దగ్గర ఒక ఉప్పురాయి పెట్టాలె. అప్పుడు తండా పిల్లలకు వాళ్ళ ముచ్చట చెప్పొచ్చు. రైళ్ళు, లారీలు లేని కాలంలో ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకొని దేశమంతా మోసింది బంజారాలే. రాజుల సైన్యాలకు కూడా వాళ్ళే తిండి చేరేసిండ్రు. ఈ మాట చెప్పిన రోజు ఎప్పుడూ నోరు తెరవని పిల్ల ఒకతి లేచి, వాళ్ళ తాత దగ్గర ఎడ్ల మెడల గంటలు ఇంకా ఉన్నయని చెప్పింది. పుస్తకంలో లేని పాఠం ఆమె దగ్గర ఉన్నది!

పటం గురించి ఒక మాట. పాత వరంగల్ జిల్లా పటాలు ఎక్కడైనా కనబడితే పారేయకండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడదీసినప్పుడు మన గూడూరు మహబూబాబాద్ జిల్లాలకు వచ్చింది. మేడారం అయితే మొదలు వరంగల్ జిల్లా, తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. మూడు జిల్లాలు మారినా గద్దెలు అక్కడే ఉన్నయి. పాతది, కొత్తది పక్కపక్కన పెడితే సరిహద్దులు మనుషులు గీసినవి అని పిల్లలకు తొందరగా అర్థమైతది.

ఇక కాలం. ఇది అన్నిటికంటే కష్టం. పాఖాల చెరువు 1213లో కట్టిండ్రు అంటే నాలుగో తరగతి పిల్లగాడు "అప్పుడు మా అవ్వ పుట్టిందా?" అని అడిగిండు. అందరూ నవ్విండ్రుగాని అడగవలసిన ప్రశ్న అదే. నేను పొడుగు తాడు తీసుకొని ముళ్ళు వేయించిన. ఒక ముడి అంటే ఒక తరం, ఇరవై అయిదేండ్లు. మొదటి ముడి నువ్వు, రెండోది మీ అమ్మ, మూడోది అమ్మమ్మ. చెరువు దాకా పోవాలంటే 32 ముళ్ళు కావాలె. తాడు వరండా దాటి పోయింది. ఆ రోజు నుంచి "చాలా ఏండ్ల కింద" అనే మాట వాళ్ళు అనుడు లేదు, "ఎన్ని ముళ్ళు?" అంటున్నరు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. దీని మీద మీరు కూడా ఆలోచించాలె. పుస్తకంలో కాకతీయులు చెరువులు కట్టించిన మంచి రాజులు. మన ఇండ్లల్ల చెప్పే సమ్మక్క-సారలమ్మ కథలో కరువు వచ్చి పన్ను కట్టలేకపోతే సైన్యాన్ని పంపింది కాకతీయ రాజే. "అన్నా, రాజు మంచోడా, చెడ్డోడా?" అని పిల్లలు అడుగుతరు. ఒక కథ దాచిపెట్టి ఇంకొకటి చెప్పుడు సులభం. కాని కోయ పిల్లగాడు రెండూ విన్నడు. బడిలో ఒకటే చెప్తే ఇంట్లో కథ అబద్ధమనుకుంటడు, లేకపోతే బడి అబద్ధమనుకొని మెల్లగా రాకుండ అయితడు. రెండూ నష్టమే.

నేను చేసింది ఇది. మొదలు తాడు పట్టుకున్నాం. చెరువు గణపతిదేవుని కాలంలది. కథలో రాజు ప్రతాపరుద్రుడు, గణపతిదేవునికి మునిమనుమడు. నడుమ రుద్రమదేవి ఉన్నది. అంటే ఇద్దరు వేరు వేరు రాజులు. దీంతోనే సగం చిక్కు విడిపోయింది. తరువాత "ఎవరు చెప్పిండ్రు?" అనే ఆట. పాఖాల సంగతి రాయి చెప్పింది, అక్కడ శాసనం వేయించిండ్రు. మేడారం సంగతి నోరు చెప్పింది, పూజారులు, డోలీలు తరతరాలుగా పాడుకుంట వచ్చిండ్రు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు అట్ల పాడినవారే. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు, 2024లో కాలం చేసిండ్రు. రాయి వేయించేది గెలిచినోళ్ళు, పైసలున్నోళ్ళు. పాట అందరిది, కాని పాడేటోళ్ళు పోతే పోతది. ఇంత చెప్పినంక ఒక పిల్ల "మరి చెరువు మట్టి మోసినోళ్ళ పేర్లు ఏ రాయి మీద ఉన్నయి?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. దాన్ని నోటుబుక్కులో రాయించిన.

భాష సంగతి కూడా రాయాలె. మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు తెలుగు సరిగ్గా రాదు, ఇంట్లో కోయనో లంబాడీనో మాట్లాడుతరు. ఇది కొత్త సమస్య కాదు. నిజాం కాలంలో, 1943లో, ఆదిలాబాద్ దిక్కు మార్లవాయిలో హైమండార్ఫ్ దొర గోండులకే టీచర్ ట్రైనింగు ఇప్పించి, గోండి భాషలోనే వాచకాలు చేయించిండు. 2004లో మన రాష్ట్రంలో కోయ, బంజారా కలిపి ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టిండ్రు. ఏజెన్సీ బళ్ళలో స్థానిక గిరిజనులే టీచర్లుగా ఉండాలన్న 2000 నాటి జీ.ఓ. నంబరు 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల మాట తెలిసిన టీచరు దొరకాలంటే ఇప్పుడు మనలోనుంచే ఎక్కువమంది పోటీలో గెలిచి రావాలె. అప్పటిదాకా నేనైతే కోయ పిల్లగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, నేను తెలుగులో చెప్పింది వాన్ని కోయలో చెప్పమంటున్నాను. వాడు చెప్పేది నాకంటే బాగుంటదని మిగిలినవాళ్ళ మొఖాలు చూస్తే తెలుస్తది.

వార్డెన్ సారుకు ఒక మనవి. పూనుగొండ్ల మన జిల్లాలోనే, గంగారం మండలంలో ఉన్నది. జాతరకు పగిడిద్దరాజును అక్కడినుంచే నడిపించుకొని మేడారం తీసుకపోతరు. ఒక ఆదివారం ఐదో తరగతి పిల్లలను తీసుకపోవడానికి అనుమతి ఇవ్వగలరు. చార్టులు, స్కెచ్ పెన్నులు మేమే చూసుకుంటాము.

తాడు మెస్ పక్క వరండాలో కట్టి ఉన్నది. సెలవులకు ఇంటికి పోయినోళ్ళు మీ అవ్వను, తాతను అడిగి, వాళ్ళ చిన్నప్పటి కరువో, వరదో, పెండ్లో, ఊరు లేచిపోయిన సంగతో ఒక చీటీ మీద రాసి తెండి. నాలుగో ముడి దగ్గర ఇంకా ఒక్క చీటీ కూడా లేదు.