హుగ్లీ కింద మెట్రో, వేళ్లతో తట్టే వైద్యం

సందేహం: మాది హౌరా మైదాన్. ఉద్యోగం సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో. అందరూ మెట్రోలో హాయిగా వెళ్లిపోతుంటే నేను లాంచీలో హుగ్లీ నది దాటి, బస్సులు మారి పోతున్నాను. నది కింద బండి ఆగిపోతే అన్న ఊహకే గుండె దడ. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఆదివారాలు కొందరిని కూర్చోబెట్టి ట్యాపింగ్ థెరపీ చేయిస్తున్నారు. వెళ్లమంటారా?
– ఒక సోదరి, హౌరా

సమాధానం: వెళ్లండమ్మా. కానీ అక్కడ మేలు చేసేది ఏమిటో తెలుసుకుని వెళ్లండి.

1980ల్లో రోజర్ కలహన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, నీళ్లంటే హడలిపోయే ఒకావిడ చేత కంటి కింద వేళ్లతో తట్టించారు. భయం పోయిందని ఆవిడ చెప్పడంతో దానిమీద ఒక పద్ధతే కట్టారు. 1990ల్లో గ్యారీ క్రెయిగ్ దాన్ని ఎవరైనా చేసుకునేలా సులువు చేశారు. భయానికి పదికి ఎన్నో మార్కు వేసుకుని, దాన్ని పైకి చెబుతూ కనుబొమ మొదలు, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ కింది ఎముక దగ్గర వరసగా తట్టుకోవాలి. అవి శక్తి ప్రవహించే స్థానాలంటారు.

2003లో కెనడాలో 119 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. కొందరు అసలు స్థానాల్లో, కొందరు చేతిమీద ఉత్తుత్తి స్థానాల్లో తట్టుకున్నారు. ఇంకొందరు ఏకంగా బొమ్మను తట్టారు. మూడు జట్లలోనూ భయం తగ్గింది! తట్టకుండా కాగితంతో బొమ్మ చేస్తూ కూర్చున్నవారికి తగ్గలేదు. కాబట్టి ఎక్కడ తట్టారన్నది పెద్ద విషయం కాదని నా అభిప్రాయం. ఇన్నాళ్లూ దాచుకున్న భయాన్ని నలుగురిలో పైకి అనడం, తప్పించుకోకుండా కాసేపు దాన్ని మనసులో నిలపడం, వినేవాళ్లు నవ్వకపోవడం – మేలు అక్కడ ఉంది. శక్తి అడ్డుపడిందంటూ వేలకు వేలు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి.

అసలు పని మెట్రోలో ఉంది. భయాన్ని మెట్లుగా విడగొట్టి కింది మెట్టు నుంచి ఎక్కించే పద్ధతిని జోసెఫ్ వోల్ప్ 1958లోనే రాశారు. మీకు మెట్లు కట్టే ఉన్నాయి. మొదటివారం మైదాన్ నుంచి హౌరా స్టేషన్ దాకా ఒక్క స్టేషనే వెళ్లి రండి, ఆ ముక్కలో నది రాదు. అది అలవాటయ్యాక హౌరా నుంచి మహాకరణ్. సొరంగంలో నది కింది భాగం 520 మీటర్లు, సుమారు 45 సెకన్లు. ఆ ఆదివారం బృందంలో ఇద్దర్ని తోడు తీసుకెళ్లండి. దడ పెరిగినప్పుడు కావాలంటే వేళ్లతో తట్టుకోండి, కానీ దిగి పారిపోకండి. దిగితే ఆ క్షణం ప్రాణం కుదుటపడుతుంది, మర్నాటికి భయం ఇంకాస్త ముదురుతుంది. రెండోసారి, మూడోసారి అదే ముక్క తిరిగితే దడ దానంతటదే సన్నగిల్లుతుంది.

లిఫ్టుల్లో, జనంలో కూడా ఇలాగే అవుతుంటే ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీకి వెళ్లండి. 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ సంఘం పెట్టింది మీ పక్కనున్న కోల్‌కతాలోనే. మనసు డాక్టరు గడప తొక్కడానికి అక్కడా మొహమాటమేనా? తెలుగులో మాట్లాడాలనిపిస్తే 14416 టెలిమానస్ ఫోన్ సేవ ఉచితం.

సందేహం: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. రక్తపరీక్షకు సూది తీయగానే కళ్లు తిరిగి పడిపోతాడు. ట్యాపింగ్‌తో నెమ్మదిస్తాడా?
– ఒక తల్లి, టిటాగఢ్

సమాధానం: ఈ భయం తీరే వేరమ్మా. మిగతా భయాల్లో రక్తపోటు పెరిగి అలాగే ఉంటుంది. ఇందులో పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే స్పృహ తప్పుతుంది. వాణ్ని నెమ్మదింపజేయడం కాదు, బిగించాలి. స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరాన్ ఓస్ట్ నేర్పిన పద్ధతి ఇది: కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు మొహం వెచ్చబడేదాకా పది పదిహేను సెకన్లు బిగబట్టాలి. వదిలి, అర నిమిషం ఆగాలి. అలా ఐదుసార్లు. ఇంట్లో రోజూ సాధన చేయించండి. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. పడుకోబెట్టి రక్తం తీయమని ల్యాబువాళ్లకు ముందే చెప్పండి. సూది లేకుండా కూడా ఎప్పుడైనా పడిపోయి ఉంటే ముందు గుండె పరీక్ష చేయించండి.

సందేహం: బల్లి అంటే భయం. వీడియో చూసి గదిలో తలుపేసుకుని తట్టుకుంటున్నాను. చాలా?
– ఒక విద్యార్థిని, గరియా

సమాధానం: నష్టం లేదు తల్లీ, కానీ బల్లి లేని గదిలో తట్టుకుంటే లాభమూ తక్కువే. సాయంత్రం ట్యూబులైటు దగ్గరికి అదెలాగూ వస్తుంది. గది ఆ చివర నిలబడి, భయం సగానికి దిగేదాకా దాన్నే చూడండి. మర్నాడు ఒక అడుగు ముందుకు. పట్టుకోవాల్సిన పని మాత్రం లేదు.