పోయిన నెల రీడింగు కోసం ఇంత వెతుకులాటా?

వెనకా ముందూ వరుసలను పోల్చే క్వెరీలు: తరచూ అడిగే ప్రశ్నలు

క్వెరీ ఎందుకిలా నత్తనడక నడుస్తోంది?

కరెంటు మీటర్ల టేబులే తీసుకుందాం. 5,000 మీటర్లు, ఒక్కోదానికి 60 నెలల రీడింగులు, వెరసి 3 లక్షల వరుసలు. ఈ నెల అంకెలోంచి పోయిన నెలది తీసేస్తే వాడిన యూనిట్లు వస్తాయి. చాలామంది ప్రతి వరుసకీ ఒక సబ్‌క్వెరీ తగిలిస్తారు: ‘ఈ మీటరుకు ఇంతకు ముందున్న తేదీల్లో ఆఖరిది తీసుకురా’ అని. ఇండెక్స్ లేకపోతే ఆ వెతుకులాట ప్రతిసారీ టేబులంతా తిరగేస్తుంది. 3 లక్షల సార్లు 3 లక్షలంటే 9 వేల కోట్ల వరుసలు. ర్యామ్ పెంచితే తీరే జబ్బు కాదిది.

మరెలా రాయాలి?

లాగ్(రీడింగు) ఓవర్ (పార్టిషన్ బై మీటరు ఆర్డర్ బై తేదీ). పేరుకు తగ్గట్టే వెనక వరుసను లాగి పక్కన పెడుతుంది. వరుసలను మీటరువారీగా పేర్చుకుని, పైనుంచి కిందికి ఒక్కసారే నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2009 నాటి 8.4 నుంచీ, మైఎస్‌క్యూఎల్‌లో 2018లో వచ్చిన 8.0 నుంచీ ఉంది.

ఐడీలోంచి ఒకటి తీసేసి జాయిన్ చేస్తే సరిపోదా?

సరిపోదు. ఇన్‌సర్ట్ రోల్‌బ్యాక్ అయినప్పుడు నంబర్లలో ఖాళీలు పడతాయి. పైగా 41 మీ మీటరుదైతే 42 పక్కింటివాళ్లది కావచ్చు.

ఇండెక్స్ నేనే పెట్టుకోవచ్చా?

చదివే అనుమతి ఒక్కటే ఉంటే కుదరదు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ టేబుల్ ఓనరై ఉండాలి, లేదా సూపర్‌యూజరు. మైఎస్‌క్యూఎల్‌లో ఇండెక్స్ అనే ప్రివిలేజే వేరుగా ఉంది, డీబీఏని అడిగి తీసుకోండి. ఇండెక్స్‌లో మీటరు ముందు, తేదీ తర్వాత. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా పెడితే పని పూర్తయ్యేదాకా ఆ టేబుల్లో రాతలు ఆగిపోతాయి, బిల్లింగ్ వేళ అయితే ఫోన్లు మోగుతాయి. కంకరెంట్లీ అని చేరిస్తే ఆ బెడద లేదు. కాకపోతే ట్రాన్సాక్షన్ లోపల అది నడవదు, మధ్యలో చెడితే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని తీసేసి మళ్లీ పెట్టాలి.

ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ప్రొడక్షన్‌లో కొట్టొచ్చా?

అది ప్లాన్ చూపించి ఊరుకోదు, క్వెరీని నిజంగానే నడుపుతుంది. ప్లాన్ చూద్దామని అప్‌డేట్ ముందు పెట్టి, బాకీలన్నీ మార్చేసిన ప్రబుద్ధుణ్ణి నేనే. బిగిన్‌తో మొదలెట్టి రోల్‌బ్యాక్‌తో ముగించండి.

నాకు జూన్ లెక్క ఒక్కటే కావాలి. తేదీ షరతు ఎక్కడ పెట్టాలి?

లాగ్ ఉన్న క్వెరీ లోపలే పెడితే మే రీడింగు ముందే రాలిపోతుంది, లాగ్‌కు దక్కేది నల్. దాన్ని చుట్టిన బయటి క్వెరీలో పెడితే జవాబు సరైనదే గానీ అయిదేళ్ల రీడింగులూ మోయాలి. లోపల మే నుంచి తీసుకుని, బయట జూన్‌ను వడగట్టడం చాలామంది చేసే పని. మేలో తలుపు తాళం వేసి ఉన్న ఇల్లు తగిలిందా, మళ్లీ నల్లే. ఇలాంటిచోట, ఇండెక్స్ ఉంటే, నేను పైన తిట్టిన సబ్‌క్వెరీయే మేలు: 5,000 జూన్ వరుసలకు 5,000 చిన్న వెతుకులాటలు. ఏప్రిల్ రీడింగున్నా సరే, పట్టుకొస్తుంది.