అడవికి లెక్క

అమెజాన్ మహారణ్యంలో అధికభాగం బ్రెజిల్ దేశంలో ఉంది. దానిని రక్షించడానికి 2008లో ఆ దేశ ప్రభుత్వం అమెజాన్ నిధిని నెలకొల్పింది. నార్వే 100 కోట్ల డాలర్ల వరకు ఇస్తానని వాగ్దానం చేసింది. అనంతరం జర్మనీ చేయి కలిపింది. అయితే ఈ సహాయానికొక నియమం ఉంది. అడవి నరికివేత గడచిన పదేళ్ల సగటుకన్న తగ్గినట్లు రుజువైతేనే సొమ్ము అందుతుంది.

ఆ రుజువు ఉపగ్రహ ఛాయాచిత్రాల నుండి లభిస్తుంది. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుండి ఏటేటా నరికివేతను లెక్కగట్టి ప్రకటిస్తున్నది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి నేలకూలింది. 2012 నాటికి అది 4,571కి దిగింది. ఈ రెండు అంకెలనే చూసినవారు విదేశీ సహాయం ఫలించిందని సంతోషించడం సహజం.

కాని నిధి ఏర్పడేనాటికే, అనగా 2008లోనే, నరికివేత 12,911కి తగ్గిపోయింది. నిధి సొమ్ము చేరకముందే సగానికి పైగా తగ్గిందన్నమాట! 2004లో ప్రభుత్వం కార్యాచరణ ప్రణాళికను చేపట్టి నిఘాను కట్టుదిట్టం చేసింది. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా చిక్కుడును కొనబోమని 2006లో వర్తకులు ఒడంబడిక చేసుకొన్నారు. వానలు దండిగా కురిసిన ఏడు చెరువు నిండితే, అది గట్టు వేసినవాని ఘనతయా, మేఘాల దయయా అని తేల్చడం వంటిదే ఈ చిక్కు.

కనుక పరిశీలకుడు అడుగవలసిన ప్రశ్న వేరు: సహాయమే లేకుంటే ఏమి జరిగి ఉండేది? జరగనిదానిని కొలిచే సాధనం లేదు. సహాయం అందిన ప్రాంతాన్ని, అందని ప్రాంతంతో పోల్చడమొక్కటే మార్గం. అందులోనూ మెలకువ అవసరం. దారీ తెన్నూ లేని మారుమూల అడవికి సహాయమిచ్చి, రహదారి పక్కనున్న అడవితో పోలిస్తే, దూరం చేసిన మేలు ధనం ఖాతాలో పడుతుంది.

2019లో నిధిని పర్యవేక్షించే సంఘాలను బ్రెజిల్ ప్రభుత్వం రద్దుచేయగా, నార్వే చెల్లింపులు నిలిపింది. 2021లో నరికివేత 13,038కి పెరిగింది. ఇది సహాయం విలువకు సాక్ష్యమనడానికీ వీలులేదు. ఆ కాలంలోనే నిఘా కూడా సడలింది. 2023లో నిధి తిరిగి ప్రారంభమైంది. 2024 లెక్క 6,518. ఈమారు నిధి, నిఘా రెండూ కలిసే వచ్చాయి.

పైగా ఈ వార్షిక గణన మొదలంటా నరికిన నేలనే పట్టుకొంటుంది. పెద్ద మానులను ఏరి నరికినా, అడుగున నిప్పు పాకినా అది ఈ లెక్కకెక్కదు. పైనుండి పచ్చగా అగపడే ఆ అడవిలో ఎన్ని మానులు మిగిలాయో తెలియాలంటే, కొలతాడు చేతబట్టి ఏళ్ల తరబడి అదే చోటికి మరల మరల నడచి పోవలసిందే.