ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఏమిటి?

ఆలివ్ నూనె సీసాపై 'ఎక్స్‌ట్రా వర్జిన్' అనే మాట చూసే ఉంటారు. అది చెట్టు రకం పేరు కాదు, నూనె నాణ్యతకు పెట్టిన పేరు.

మన నువ్వులు, వేరుశనగలు గింజలు. ఎండబెట్టి దాచి, నెలల తర్వాత తీరిగ్గా గానుగకు పట్టుకెళ్ళవచ్చు. ఆలివ్ నూనె మాత్రం ఎక్కువగా పండు కండ నుండే వస్తుంది. కోసిన పండు గోతాల్లో మగ్గితే ఎంజైములు కొవ్వును విడగొట్టి ఆమ్లతను పెంచుతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటరాదు, రుచి చూసే నిపుణులకు ఏ దోషమూ తగలరాదు. అందుకే ఇటలీలోని పుల్యా ప్రాంతంలో కొన్ని కుటుంబాలు తోటతోపాటు సొంత మిల్లు పెట్టుకున్నాయి. కాయలను వెంటనే ముద్దచేసి, 27 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కలిపి, యంత్రంలో వేగంగా తిప్పి నూనె వేరుచేస్తారు. వంద కిలోలకు వచ్చేది సుమారు 15-20 కిలోలే!

మిల్లు ఎంత మంచిదైనా చెట్టు ఉండాలి కదా. 2013లో దక్షిణ పుల్యాలో 'జైలెల్లా ఫాస్టిడియోసా' అనే బాక్టీరియా బయటపడింది. రసం పీల్చే ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుండి చెట్టుకు మోస్తుంది. దారువు నాళాలు (ఇంటర్ బోటనీలో మనం బొమ్మ గీసినవే) మూసుకుపోయి చెట్టు నిలువునా ఎండుతుంది. వందల ఏళ్ళ నాటి చెట్లతో సహా లక్షల చెట్లు పోయాయి. సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే మందు లేదు. తెగులును కొంత తట్టుకునే 'లెచ్చీనో' రకాన్ని మళ్ళీ నాటుతున్నారు. అది నిండు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు తాతలు కట్టిన మిల్లుకు కాయ ఎక్కడిది?